కెమెరాకు అందని వాడీ రమ్



జోర్డాన్ దేశానికి దక్షిణాన, ఎర్ర సముద్రపు ఒడ్డున అఖబా అనే రేవు పట్నం ఉంది. అక్కడి నుంచి కారులో గంటసేపు లోపలికి వెళితే వాడీ రమ్ అనే ఎడారి వస్తుంది. పేరు వినకపోయినా మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. 1962లో వచ్చిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా'లో పీటర్ ఓటూల్ ఒంటెనెక్కి సాగిపోయిన ఎర్ర కొండల దారి ఇదే. 2015 నాటి 'ది మార్షియన్'లో మాట్ డేమన్ ఒక్కడే చిక్కుపడిపోయిన అంగారక గ్రహం ఇదే. 'స్టార్ వార్స్' వరుసలో వచ్చిన 'రోగ్ వన్'కీ, 'డ్యూన్' సినిమాలో కనిపించే రాతి లోయలకీ ఇదే చోటు. కేరళ నుంచి వచ్చిన 'ఆడుజీవితం'లో సౌదీ ఎడారిగా నటించిందీ ఇదే.

ఇన్ని పేర్లతో తెరకెక్కిన ఈ నేల తన పేరుతో కనిపించిన సందర్భాలు మాత్రం తక్కువ. అందుకే ఈ రోజు సినిమాలు చూపించని వాడీ రమ్ గురించే ఎక్కువ చెప్పాలని ఉంది. తెర మీద అది మనిషి జాడ లేని చోటు. దగ్గరికి వెళ్ళి చూస్తే, పన్నెండు వేల ఏళ్ళుగా మనుషులు వదిలిపెట్టని చోటు.

రాజధాని అమ్మాన్ నుంచి అఖబా వెళ్ళే ఎడారి రహదారి మీద వచ్చి, పక్కదారి పట్టి బండిలో అరగంట వెళితే సందర్శకుల కేంద్రం తగులుతుంది. టికెట్టు అక్కడే. దాన్ని దాటాక తారు రోడ్డు రమ్ అనే ఊళ్ళోకి తీసుకుపోయి అక్కడితో ఆగిపోతుంది. సిమెంటు ఇళ్ళు, బడి, మసీదు, నాలుగు కిరాణా కొట్లు, ప్రతి ఇంటి ముందూ ఒకటో రెండో పాత టయోటా పికప్ బండ్లు. వాటి వెనక బల్లలు బిగించి, ఎండ తగలకుండా పైన గుడ్డ కట్టి ఉంచుతారు. అక్కడి నుంచి ప్రయాణమంతా ఇసుకలోనే. ఊరికి రెండు పక్కలా నిటారుగా లేచిన కొండలు. పడమటి వైపుది జెబెల్ రమ్, ఎత్తు 1,734 మీటర్లు. లోయ నేలే సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉంటుంది కాబట్టి, మన కళ్ళముందు కొండ ఒక్క గోడలా ఏడెనిమిది వందల మీటర్లు లేచినట్టు లెక్క. నేను వెళ్ళింది నవంబరులో. బండి ఊరు దాటి మొదటి మలుపు తిరిగేసరికి, అప్పటిదాకా కబుర్లాడుకుంటున్న మా బల్ల మీది వాళ్ళందరం ఒక్కసారి నోరు మూసుకున్నాం.

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు గుర్తుకొస్తాయి. వాడీ రమ్ అలా ఉండదు. ఇక్కడ రాజ్యం రాతిది. వెడల్పాటి చదునైన ఇసుక నేల, అందులోంచి ఎక్కడికక్కడ విడివిడిగా లేచిన రాతి కొండలు, వాటి మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగే లోయలు. భూమి పొరలు చీలిన గీతల వెంట నీరూ గాలీ కోసుకుంటూ పోగా ఏర్పడిన దారులివి. 'డ్యూన్' తీసిన దర్శకుడు డెనీ విల్నవ్ కూడా ఇక్కడి నుంచి రాళ్ళను తీసుకున్నాడు. పెద్ద పెద్ద ఇసుక తిన్నెల కోసం మళ్ళీ అబూదాబీ దగ్గరి ఎడారికి వెళ్ళాల్సి వచ్చింది. రెండూ కలిపితేనే ఆ సినిమాలోని ఎడారి గ్రహం తయారైంది.

రంగుల సంగతి చెప్పాలి. మిట్టమధ్యాహ్నం చూస్తే వాడీ రమ్ వెలవెలబోయి కనిపిస్తుంది. ఆ వేళకు వచ్చి, రెండు గంటలు తిరిగి, ఫొటోలు తీసుకుని పెట్రా అనే ప్రాచీన నగరానికి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నాకు బాధనిపించింది. పొద్దు వాలుతున్నకొద్దీ రాయి లోపలి ఎరుపు పైకి తేలుతుంది. ఒక లోయలో ఇసుక కుంకుమ రంగు, పక్క లోయలో లేత పసుపు. కారణం పైన ఉన్న రాయే. నిట్టనిలువు ఎర్ర గోడలది ఒక పొర, వాటి నెత్తిన గుండ్రంగా తెల్లగా ఉండేది మరో పొర. ఏ రాయి రాలితే కింద ఆ రంగు ఇసుక. రెండూ దాదాపు యాభై కోట్ల ఏళ్ళ నాటి ఇసుకరాళ్ళు. ఎరుపంతా వాటిలోని ఇనుము తుప్పుది. అంగారకుడి నేల ఎరుపు కూడా ఇనుము తుప్పుదే కాబట్టి, 'ది మార్షియన్' తీసినప్పుడు రిడ్లీ స్కాట్‌కు నేలతో పెద్దగా పేచీ రాలేదు. ఆకాశంతోనే వచ్చింది. అంగారకుడి మీద పగటి ఆకాశం లేత గోధుమ రంగులో ఉంటుంది, సూర్యుడు కుంగే వేళకు అతని చుట్టూ నీలం తిరుగుతుంది. ఇక్కడ అంతా తారుమారు. అందుకని ఆకాశాన్ని తర్వాత స్టూడియోలో మార్చుకోవాల్సి వచ్చింది.

ఇక లారెన్స్ విషయం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1916లో, అరబ్బులు ఒట్టోమన్ తురుష్క పాలన మీద తిరగబడ్డారు. ఆ తిరుగుబాటుకు తోడుగా బ్రిటిష్ సైన్యం పంపిన అధికారి టి.ఇ. లారెన్స్. 1917 జూలైలో అరబ్బు బలగాలు అఖబాను వెనక నుంచి, అంటే ఎడారి వైపు నుంచి వచ్చి పట్టుకున్నాయి. ఆ పోరాటంలో లారెన్స్ ఈ లోయగుండా పలుమార్లు ప్రయాణించాడు. తన జ్ఞాపకాల పుస్తకం 'సెవెన్ పిల్లర్స్ ఆఫ్ విజ్డమ్'లో దీన్ని మనసారా పొగిడాడు. సందర్శకుల కేంద్రం ఎదురుగా స్తంభాల్లా నిలిచిన కొండను చూపించి, పుస్తకానికి పేరు ఈ కొండ నుంచే వచ్చిందని చెబుతుంటారు. జరిగింది దానికి తలకిందులు. ఆ కొండ పేరు జెబెల్ అల్ మజ్మర్. పుస్తకం పేరు దానికి చాలాకాలం తర్వాత, యాత్రికుల కోసం తగిలించారు.

డేవిడ్ లీన్ 1961లో జోర్డాన్‌కు వచ్చి 'లారెన్స్ ఆఫ్ అరేబియా' చిత్రీకరణ మొదలుపెట్టాడు. రాజు హుస్సేన్ తన సైనికులను, ఒంటెలను సమకూర్చాడు. ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్. ఏడు ఆస్కార్లు తెచ్చుకున్న ఆ సినిమా ఎడారిని చూపించిన తీరులో ఇప్పటికీ దానికి సాటి లేదని నేను నమ్ముతాను. మనిషిని తెరలో ఒక చుక్కంత చేసి, ఆ చుక్క దగ్గరికి వచ్చేదాకా ఓపిగ్గా వేచి ఉండే ధైర్యం ఈనాటి దర్శకుల్లో ఎందరికుంది? మన దేశం వాడు కూడా ఒకడున్నాడు అందులో. హిందీ సినిమాల్లో పేరు తెచ్చుకున్న ఐ.ఎస్. జోహర్. ఎడారి దాటుతుండగా ఒంటె మీంచి పడిపోయి వెనకబడిన గాసిమ్ పాత్ర ఆయనది. అందరూ వద్దంటున్నా లారెన్స్ అతని కోసం వెనక్కి తిరిగే ఘట్టం ఆ సినిమాకు గుండెకాయ.

అంత మెచ్చుకున్నాక కూడా చెప్పక తప్పని మాట ఒకటుంది. అఖబా దాడికి దారి చూపి నడిపించిన వాడు హువైతాత్ తెగ నాయకుడు ఔదా అబూ తాయి. ఈ ప్రాంతపు బిడ్డ. ఆ పాత్ర వేసింది ఆంథొనీ క్విన్, కృత్రిమమైన ముక్కు అతికించుకుని. పాత్రను బంగారానికి ఆశపడే మనిషిగా చూపించారు. ఔదా వారసులు నొచ్చుకుని కోర్టుకెక్కారు. తిరుగుబాటు నాయకుడు అమీర్ ఫైసల్ పాత్ర ఇంగ్లీషు నటుడు ఆలెక్ గిన్నిస్‌ది. అఖబా పట్నాన్ని కూడా స్పెయిన్‌లో సముద్రం పక్కన ఒక ఎండు వాగులో సెట్టుగా వేసి తీశారు. ఇక్కడి నుంచి సినిమా తీసుకున్నది కొండలనూ, ఇసుకనూ, దూరం నుంచి కనిపించే గుంపులనూ. మాట్లాడే పాత్రలు బయటివాళ్ళకు పోయాయి. అంతటి పొడవైన సినిమాలో ఒక్క స్త్రీకైనా మాట లేదు.

ఇప్పుడు నీళ్ళ దగ్గరికి వద్దాం. వాడీ రమ్ గుట్టంతా అక్కడే ఉంది.

ఇక్కడ ఏడాదికి కురిసే వాన నూరు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అయినా జెబెల్ రమ్ కొండ వాలులో, నేలకు చాలా పైన, పచ్చటి మచ్చలు కనిపిస్తాయి. పుదీనా, నీటి నాచు, అంజూర చెట్లు. కొండ మధ్యలో నీళ్ళేమిటని ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. తెలంగాణలోనో రాయలసీమలోనో బావి తవ్వించిన వాళ్ళకు మాత్రం చప్పున అర్థమవుతుంది. మన దగ్గర వాన నీరు మట్టినీ మొరాన్నీ దాటి దిగి, అడుగున గట్టి బండ తగలగానే అక్కడ ఆగుతుంది కదా. ఆ మొరం పొరలో నిలిచిందే మన పాత బావుల నీరు. వాడీ రమ్‌లోనూ అదే పద్ధతి, కాకపోతే కొలత వేరు. పైనున్న ఇసుకరాయి కొండ నీటిని పీల్చుకుంటుంది. దాని కింద ఉన్నది గ్రానైటు. నీరు ఇసుకరాయిలోంచి మెల్లగా దిగి, గ్రానైటు తగలగానే దారిలేక పక్కకు పారుతుంది. రెండు రాళ్ళూ కలిసే గీత కొండ పక్కన ఎక్కడ బయటపడిందో అక్కడ ఊటై వస్తుంది. కొండ వాలు మీద ఊటలన్నీ ఒకే వరుసలో ఎందుకున్నాయో ఆ గీతను చూస్తే తెలిసిపోతుంది. అక్కడి గ్రానైటు వయసు దాదాపు అరవై కోట్ల ఏళ్ళు. మన హైదరాబాదు బండలు దానికంటే నాలుగింతలు ముసలివి.

వీటిలో పేరున్న ఊట అయిన్ షలాలా. లారెన్స్ స్నానం చేసిన చోటు కాబట్టి దాన్ని లారెన్స్ ఊట అని బోర్డుల మీద రాస్తారు. లారెన్స్‌కు రెండు వేల ఏళ్ళ కిందటే నబాతీయులు ఇక్కడికి వచ్చారు. పెట్రా నగరాన్ని కొండలో తొలిచిన వాళ్ళే వీళ్ళు. అరేబియా నుంచి సాంబ్రాణి, సుగంధద్రవ్యాలు మోసుకొచ్చే ఒంటె బిడారులకు నీరే ప్రాణం. వాళ్ళు ఆ ఊట నుంచి రాతి కాలువ కట్టి కిందికి నీరు దించుకున్నారు, కొండ మొదట్లో అల్లాత్ అనే దేవతకు గుడి కట్టుకున్నారు. ఆ గుడి శిథిలాలు ఊరి పక్కనే ఉన్నాయి. సినిమా లొకేషన్ల పట్టిక పట్టుకుని తిరిగే బండ్లు అక్కడ ఆగవు. అడిగితే ఆపుతారు.

ఇంకా లోతున ఉన్న నీటి కథ మరీ పెద్దది. వాడీ రమ్‌ను ఆనుకుని దీసీ అనే ఊరు ఉంది. దాని కింద ఇసుకరాతి పొరల్లో, వేల ఏళ్ళ నాడు ఈ నేల తడిగా ఉన్న కాలంలో కురిసిన వాననీరు నిలవై ఉంది. సరిహద్దు దాటి సౌదీ కిందికీ పరుచుకున్న జలాశయమది. ఇప్పుడు కురిసే వానతో అది తిరిగి నిండేది దాదాపు లేనట్టే. ప్రపంచంలో నీటి కరువు అత్యంత తీవ్రంగా ఉన్న దేశాల్లో జోర్డాన్ ఒకటి. 2013 నుంచి దీసీ బావుల నీటిని దాదాపు 325 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో రాజధాని అమ్మాన్‌కు పంపుతున్నారు. ఏడాదికి సుమారు పది కోట్ల ఘనపు మీటర్లు. అమ్మాన్‌లో ఒక ఇల్లాలు కుళాయి తిప్పితే వచ్చే నీటిలో కొంత, మనం అంగారకుడని తెర మీద చూసిన ఈ ఇసుక కింది నుంచి వస్తున్నదే. తాతలు కూడబెట్టిన ధాన్యాన్ని మనవలు తీసి వండుకుంటున్నారు. ఎన్నాళ్ళు వస్తుందన్న దిగులు ఆ దేశపు పాలకులకు ఉంది. సముద్రపు నీటిని శుద్ధి చేసి అఖబా నుంచి అమ్మాన్‌కు తేవాలన్న ఆలోచన అందుకే పుట్టింది.

రాళ్ళ మీద రాతల గురించి కూడా కాస్త ఆగి చెప్పుకోవాలి. 2011లో యునెస్కో వాడీ రమ్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రకృతికీ, మానవ సంస్కృతికీ కలిపి ఇచ్చిన గుర్తింపు అది. దాదాపు 74 వేల హెక్టార్ల ఆ ప్రాంతంలో 25 వేల రాతి చెక్కడాలు, 20 వేల శాసనాలు లెక్కకు వచ్చాయి. మనిషి ఇక్కడ చేరిన నాటి నుంచి రాత నేర్చిన నాటి దాకా ఏం జరిగిందో అడుగడుక్కీ చెక్కి ఉంది. ఖజాలీ అనే కొండకు ఒక సన్నటి చీలిక ఉంది. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. లోపలికి వెళితే గోడల మీద మనుషులు, జంటలు జంటలుగా పాదాలు, ఒంటెలు, కొమ్ములు వంగిన కొండమేకలు, బిడ్డను కంటున్న స్త్రీ. వాటి పక్కన థమూదిక్ అనే పాత లిపిలో పేర్లు. ఆ శాసనాల్లో ఎక్కువ భాగం రాజులవి కావు. దారిన పోయేవాళ్ళవి, పశువులు మేపుకునేవాళ్ళవి. ఫలానా వాడి కొడుకు ఫలానా వాడు అని ఒక్క వరుస. కొన్నిటిలో దేవతకు ఒక మొక్కు. మన ప్రాంతంలో పాత శాసనం అంటే దానమో విజయమో ఉంటుంది. రాజు పేరు లేకుండా, కేవలం మేకల కాపరులు తమ పేర్లతో నింపిన ఇంత పెద్ద రాతి పుస్తకం నేను మరెక్కడా చూడలేదు.

ఆ చెక్కడాల మీద ఈ మధ్య వచ్చినవాళ్ళు తమ పేర్లు గీకిన చోట్లు కూడా కనిపించాయి. చూసి ఊరుకోలేకపోయాను. రక్షిత ప్రాంతమని బోర్డు ఉంది, చెప్పడానికి బండి నడిపేవాళ్ళూ ఉన్నారు. రాతిని ముట్టుకోవద్దని మా బండి నడిపిన కుర్రాడు ప్రతి చోటా ముందే చెప్పాడు, రెండోసారి చెప్పించుకోవద్దని కూడా అన్నాడు. ఈ రాతలు తన పెద్దలవి అన్న పట్టుదల ఆ మాటలో ఉంది.

రమ్ ఊరి వాళ్ళు ఎక్కువగా జలాబియా తెగ బెదూయిన్లు. రెండు మూడు తరాల కిందటి దాకా గుడారాల్లో, మేకలతో ఒంటెలతో తిరిగినవాళ్ళు. మేక వెంట్రుకలతో గుడారపు బట్టను నేసేది ఆడవాళ్ళు. ఎండలో ఆ అల్లిక వదులై గాలి ఆడుతుంది, వాన పడితే పోగులు ఉబ్బి బిగుసుకుని నీరు దిగదు. యాత్రికుల గుడారాల్లో మనకు టీ పోసేది, పాట పాడేది, వంట చేసేది అంతా మగవాళ్ళే కాబట్టి ఈ ఎడారిని నిలబెట్టిన చేతుల్లో సగం మన కంట పడవు. ఎడారిలో మొక్కల సంగతి కూడా ఈ తెగ వాళ్ళనే అడగాలి. అజ్రమ్ అనే చిన్న పొదను నలిపి కాస్త నీటితో రుద్దితే సబ్బులా నురగ వస్తుంది. రతమ్ పొద వేళ్ళు ఎంత లోతుకు దిగుతాయో, దాని నీడలో ఏ జీవి ఉంటుందో వాళ్ళకు తెలుసు.

కొండలెక్కడం గురించి ఒక కథ ఉంది. 1984లో టోనీ హోవర్డ్ అనే ఇంగ్లీషు పర్వతారోహకుడు 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమాలో ఈ కొండలను చూసి, ఎక్కడానికి మిత్రులతో వచ్చాడు. నిలువు గోడల మీద కొత్త దారులు వేద్దామని వచ్చినవాళ్ళకు, వాటిలో కొన్నిటిపై బెదూయిన్లు ఎప్పటి నుంచో తిరుగుతున్నారని తెలిసింది. కొండమేకల వేటకు వెళ్ళే దారులవి. తాడు లేదు, మేకు లేదు, ఒట్టి కాళ్ళు. హోవర్డ్ ఆ దారులను వాళ్ళ పేర్లతోనే పుస్తకంలో నమోదు చేశాడు. అప్పటి నుంచి ప్రపంచం నలుమూలల నుంచి కొండలెక్కేవాళ్ళు రావడం మొదలైంది. ఒక సినిమా చేసిన మేలు అది, ఒప్పుకుని తీరాలి. ఇప్పుడు ఊరి బతుకంతా యాత్రికుల మీదే. సినిమా వాళ్ళు వచ్చినప్పుడు డ్రైవర్లుగా, కాపలాగా, వంటవాళ్ళుగా, గుంపులో మనుషులుగా పని దొరుకుతుంది. వాళ్ళు వెళ్ళాక ఆ సినిమా పేరు చెప్పుకుని గుడారాలు అద్దెకిస్తారు. పారదర్శకమైన బుడగల్లాంటి గదులు కట్టి అంగారక వసతి అని పేరు పెట్టినవి కూడా వచ్చాయి. అవి పెరిగినకొద్దీ దీపాలు పెరుగుతాయి, ఏసీలు పెరుగుతాయి, ఇసుకలో చక్రాల జాడలు పెరుగుతాయి. ఒకసారి బండి తొక్కిన పొద మళ్ళీ లేవడానికి ఏళ్ళు పడుతుంది. మనం వెళ్ళేటప్పుడు ఊరివాళ్ళు నడిపే మేకవెంట్రుకల గుడారాన్నే ఎంచుకుంటే, ఉన్న దారిలోనే బండి నడపమంటే చాలా మేలు.

తెలుగువాళ్ళు ఈ ఎడారిని చూడవలసిన మరో కోణం ఉంది. అది నన్ను అక్కడ ఉన్నంతసేపూ వదల్లేదు.

బెన్యామిన్ 2008లో రాసిన మలయాళ నవల 'ఆడుజీవితం'. కేరళ నుంచి పని కోసం సౌదీ వెళ్ళిన నజీబ్‌ను విమానాశ్రయంలోంచి ఎవరో తీసుకుపోయి, ఎడారి మధ్యలో మేకల కాపరిగా పడేస్తారు. జీతం లేదు, మాట్లాడే తోడు లేదు, ఒళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. దర్శకుడు బ్లెస్సీ దీన్ని సినిమాగా తీయడానికి వాడీ రమ్‌కు వచ్చాడు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ వచ్చిపడింది. హీరో పృథ్వీరాజ్ సుకుమారన్ సహా 58 మంది బృందం ఇక్కడే చిక్కుకుపోయింది. మే నెలలో ప్రత్యేక విమానంలో కొచ్చి చేరారు. చివరికి సినిమా 2024 మార్చిలో, తెలుగుతో సహా పలు భాషల్లో విడుదలైంది.

ఆ సినిమా తెలుగులో చూసిన వాళ్ళలో ఎంతమంది తమ ఇంటి మనిషిని అందులో చూసుకుని ఉంటారో. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని వాడ అరుదు. కడప, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. పేరుకే ఒక యజమాని ఉండే ఆజాద్ వీసా, వీసా ఇచ్చిన యజమాని అనే కఫీల్, అతన్ని వదిలి పారిపోయినవాడనే ఖల్లివల్లి, ఈ మాటలు ఆ పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కంపెనీలో పని అని చెప్పి తీసుకుపోయి, ఎడారిలో ఒంటెలకూ గొర్రెలకూ కాపలా పెడితే, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండగా పారిపోయే దారి లేక ఫోన్లో ఏడ్చి వీడియో పంపిన కొడుకులను మనం వార్తల్లో చూస్తూనే ఉన్నాం. వాడీ రమ్‌లో సాయంత్రం ఇసుక మీద కూర్చుంటే నాకు కనిపించిన అందం, సరిహద్దుకు అవతల అలాంటి ఇసుకలోనే కూర్చున్న మన మనిషికి కనిపించదు. ఆ ఎండ అదే, ఆ రాత్రి చలి అదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోగలగడం ఒక్కటే తేడా. నా జేబులో తిరుగు టికెట్టు ఉంది. ఆ తేడాను మరిచి ఎడారి అందాన్ని పొగడడం నాకు చేతకాలేదు.

మా బండి నడిపిన కుర్రాడికి ఈ సంగతి చెప్పాను. జోర్డాన్ నుంచి కూడా పని కోసం సౌదీకీ దుబాయ్‌కీ వెళ్ళినవాళ్ళు తన చుట్టాల్లో ఉన్నారన్నాడు. మరింకేమీ అనలేదు, ఆకు వేసి మరిగించిన టీ ఇంకో గ్లాసు పోశాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు కొన్ని మాటలు. అక్టోబరు, నవంబరు, మళ్ళీ మార్చి, ఏప్రిల్ మంచి కాలం. వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నాకు దిగుతుంది, మన ఊలు స్వెట్టరు సరిపోదు. పెట్రాకూ, వాడీ రమ్‌కూ, వీసాకూ కలిపి జోర్డాన్ పాస్ అని ఒకటి ముందుగానే కొనుక్కోవచ్చు. ఒక రాత్రి ఉండకపోతే వెళ్ళడం దండగ. శాకాహారులు ముందే చెప్పి పెట్టుకోవాలి. ఇసుకలో గొయ్యి తీసి, నిప్పుల మీద మాంసం కూరగాయలు పెట్టి, మూత వేసి ఇసుక కప్పి ఉడికించే జర్బ్ అక్కడి ప్రధానమైన వంట. బుర్దా అనే రాతి వంతెన దాదాపు 35 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎక్కగలిగినవాళ్ళు స్థానిక గైడు తోడు లేకుండా ఎక్కవద్దు. అయిన్ షలాలా ఊటకు మాత్రం పిల్లలూ పెద్దలూ మెల్లగా నడిచి వెళ్ళవచ్చు. ఉదయం ఎండ ముదరకముందే బయలుదేరాలి.

వెళ్ళేముందు ఒక్క సినిమా చూడమంటే నేను లారెన్స్ పేరు కాకుండా 'థీబ్' పేరు చెబుతాను. నాజీ అబూ నవార్ దర్శకుడు, 2014లో వచ్చింది. ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల తుది జాబితాకు చేరిన మొదటి జోర్డాన్ సినిమా. కాలం 1916, అదే తిరుగుబాటు, అదే నేల. కథ చూసే కళ్ళు మాత్రం ఒక బెదూయిన్ పిల్లవాడివి. బ్రిటిష్ అధికారి ఇందులోనూ ఉన్నాడు, కానీ ఒక పక్కన, అర్థంకాని పెట్టె ఒకటి పట్టుకుని. నటించినవాళ్ళు ఆ అధికారి పాత్రధారి తప్ప దాదాపు అందరూ ఈ ప్రాంతపు బెదూయిన్లే, అంతకు ముందు కెమెరా ముందు నిలబడనివాళ్ళు. దర్శకుడు వాళ్ళ మధ్య ఉండి, నెలల తరబడి వాళ్ళకు నటన నేర్పి, వాళ్ళ మాటా నడకా తాను నేర్చుకుని తీశాడు. అందులో కొండలు అందంగా కనిపించడానికి ఒక్క షాటూ ఆగదు. ఎవరు ఏ కొండ వెనక దాక్కోగలరు, పొద్దు ఏ పక్కన పడితే నీడ దొరుకుతుంది, ఒంటె ఎక్కడికి పోతుంది అన్నవే ఆ పిల్లవాడి ప్రాణానికి ఆధారాలు. కథ మలుపు తిరిగేది ఒక బావి దగ్గర. ఎక్కడ నీరుందో తెలిసినవాళ్ళు తీసిన ఎడారి సినిమా అది.